తక్కువ పళ్ల గొలుసు

ఆ ఆదివారం మా ఇంట్లో ఐదుగురం ఉన్నాం. వరండాలో తాత, పెరట్లో నాన్న, కుట్టుమిషను గదిలో అమ్మ, పొద్దున్నే లారీలో దిగిన మామ, వీళ్లందరి కాళ్లకీ అడ్డం పడుతూ చీపురుతో నేను. పెరట్లోని దుంగతో కలిపితే ఆరుగురం అని మామ అన్నాడు. మూడు వారాలుగా ఇంట్లో మనుషుల సంగతి కంటే దాని సంగతే ఎక్కువ నడుస్తోంది కాబట్టి దాన్ని కూడా లెక్కలో వేసుకోవాల్సిందేనట.

గాలివానకి రోడ్ల మీదా ఇళ్ల మీదా పడిన చెట్లని మెషీన్ రంపంతో కోసి తీసేయడం నాన్న పని. ఒక పాత గోదాము వెనక ఎప్పుడో ఎండిపోయి, ఏళ్ల తరబడి అలాగే నిలబడి ఉన్న చెట్టొకటి ఈ ఏడు కూలింది. గోదాము వాళ్లు తీసుకుపొమ్మన్నారు. నాన్న కొమ్మలన్నీ అడిగినవాళ్లకి ఇచ్చేసి, మొదలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. అమ్మకి బల్ల చేయడానికి.

అమ్మ బట్టలు కుడుతుంది. అసలు ఆమె పనితనం కుట్టడంలో కంటే కత్తిరించడంలో ఉంది. ఒకసారి మనిషిని తేరిపార చూస్తే చాలు, టేపు తీయకుండానే భుజం వెడల్పు చెప్పేస్తుంది. పన్నెండేళ్లుగా నేల మీద బట్ట పరిచి, మోకాళ్ల మీద పాకుతూ కత్తిరిస్తోంది. ఈమధ్య డాక్టరు ఇక నేల మీద కూర్చోవద్దని గట్టిగా చెప్పాడు. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మ, ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా, వచ్చే నెల నుంచి కత్తిరించే పని బజారు టైలరుకి ఇచ్చేస్తానని, అతను కత్తిరించి పంపినవి మిషను మీద కుట్టిపెడతానని చెప్పింది. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బజారులో బల్లలు లేక కాదు. అంత వెడల్పువి అన్నీ అతుకుల బల్లలే. అతుకు మీదికి రాగానే సుద్ద గీత గంతేస్తుందని అమ్మ అంటుంది. ఒకే చెక్కతో చేసిన బల్ల కావాలంటే మన దుంగలోంచే తీయాలి. ఆ దుంగకి ఒక పక్కంతా తొర్ర. రెండో పక్క నుంచి లెక్కేసి చూస్తే వెడల్పాటి పలకలు రెండే వస్తాయి. అందులో ఒకటి పోయిన ఆదివారమే పాడైపోయింది.

నాన్న రంపానికి మామూలుగా అడుగున్నర బారు ఉంటుంది. బారంటే మెషీనుకి ముందు ఉండే ఇనుప పట్టా, దాని అంచు చుట్టూ పళ్ల గొలుసు తిరుగుతుంది. ఈ దుంగ కోసం నాన్న మూడడుగుల బారు, దానికి సరిపడే గొలుసు తెచ్చాడు. దుంగ మీద నిచ్చెన పడుకోబెట్టి బిగించి, దాని మీదుగా మెషీను జరుపుతూ నిలువునా కోయాలి. పోయిన ఆదివారం ఎవరినో బతిమాలి తోడు తెచ్చుకుని అలాగే మొదలుపెట్టాడు. మెషీను ఏడ్చింది, పొగ కక్కింది, పెరడంతా మాడిన చెక్క వాసన. పలక బయటికి వచ్చాక చూస్తే ఒక చోట మూడు వేళ్ల మందం, ఇంకో చోట ఒక వేలు. పై నుంచి కిందికి అలలు అలలుగా ఉంది. అమ్మ వచ్చి చూసి, బావుందండీ, బట్టలు ఉతుక్కోవచ్చు అని లోపలికి వెళ్లిపోయింది. నాన్న ఆ రోజు రెండోసారి వడ్డించుకోలేదు.

అందుకే నిన్న కొట్టుకి వెళ్లి కొత్త గొలుసు తెచ్చాడు. పొద్దున్న తాత దాని పెట్టె విప్పాడు. గొడవ అక్కడ మొదలైంది.

తాత నలభై ఏళ్లు చేతి రంపాలు లాగిన మనిషి. రంపం కొనేటప్పుడు పళ్లు లెక్కపెట్టుకోవాలన్నది ఆయన నియమం. పళ్లు ఎన్ని ఉంటే అంత కోత. గొలుసుని తొడ మీద వేసుకుని, చూపు ఆనదు కాబట్టి బొటనవేలి గోటితో ఒక్కో పన్నూ మీటుతూ లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది. పాత గొలుసు తెమ్మని దాన్నీ లెక్కపెట్టాడు. యాభై ఏడు. నన్ను పిలిచి రెండూ మళ్లీ లెక్కపెట్టమన్నాడు. నేనూ లెక్కపెట్టాను. అంతే వచ్చింది. పొడవు చూస్తే రెండూ ఒకటే.

"పందొమ్మిది పళ్లు తక్కువున్నాయిరా. కొట్టువాడు నీకు బోసి గొలుసు అంటగట్టాడు," అన్నాడు తాత.

పొడుగు బారుకి అదే సరైందని కొట్టాయన చెప్పాడని నాన్న గొణిగాడు. ఎందుకట అని తాత అడిగాడు. ఏదో చెప్పాడు అన్నాడు నాన్న. నాన్న సంగతి నాకు తెలుసు, నాదీ అదే తీరు. ఎవరైనా గట్టిగా అడిగితే తెలిసిన మాట కూడా గొంతులోంచి కిందికి జారిపోతుంది.

అమ్మ తమ్ముడైన మామ లారీల మెకానిక్కు. ఆయనకి తెలియనిది ఉన్నా తెలియదని చెప్పడం తెలియదు. పెద్ద పెద్ద కలప డిపోల్లో ఇలాంటి గొలుసులే వాడతారని, తన కళ్లతో చూశానని చెప్పాడు. ఎందుకు వాడతారో అది చెప్పు అల్లుడూ అని తాత నిలదీశాడు.

"అన్నీ ఎందుకో తెలిసే వాడతామా మామయ్యగారూ? మీ చెవిలో మెషీను ఎలా పనిచేస్తుందో మీకు తెలుసా?"

"నీ మాట వినపడకుండా చేయడం ఎలాగో తెలుసు," అని తాత చెవి దగ్గర చెయ్యి పెట్టి దాన్ని ఆపేసుకున్నాడు.

దాంతో వాదన అయిపోయింది. వినపడని మనిషితో ఎవరు మాత్రం వాదిస్తారు? నాన్న కొత్త గొలుసుని సోమవారం తిరిగి ఇచ్చేద్దామని పెట్టెలో పెట్టేశాడు. పాతదానికే ఆకురాయి పట్టించి, పళ్లు పదును చేసి బారుకి ఎక్కించాడు. మామ రేపు తెల్లారే లారీతో వెళ్లిపోతాడు, మళ్లీ నెలకి గానీ రాడు. మెషీను రెండో కొస పట్టుకోవడానికి ఇంకో గట్టి మనిషి ఇంట్లో లేడు. కాబట్టి ఏం చేసినా ఈ రోజే.

దుంగ మీద నిచ్చెన బిగించారు. మెషీను మొదలైంది. జానెడు కూడా పోలేదు, మళ్లీ అదే ఏడుపు, అదే పొగ. నాన్న ఆపేశాడు. అదృష్టం కొద్దీ అది చివర తీసేయాల్సిన భాగమే, నష్టం లేదు. నేను చీపురు తీసుకుని వెళ్లాను. కింద పొట్టు దాదాపు లేదు. కోత సందులో చూస్తే పిండిలా మెత్తగా, నల్లబడి, గట్టిగా కూరుకుపోయి ఉంది. పుల్లతో తీస్తుంటే వేడిగా తగిలింది.

అమ్మ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. మెడలో టేపు వేలాడుతోంది. పొగ వంక చూసింది, నాన్న వంక చూసింది. గొంతు పెంచకుండా అంది:

"ఇక ఆపేయండి. ఉన్న ఒక్కటీ ఎందుకు పాడుచేయడం? దుంగని దుంగలాగే ఉంచితే సాయంత్రం పూట కూర్చోవడానికైనా పనికొస్తుంది."

తర్వాత నా వైపు తిరిగి పెరటి వసారాలో అటక మీద ఖాళీ అట్టపెట్టె ఉంది, తెచ్చిపెట్టమంది. నేను ఎందుకని అడగలేదు, ఆమే చెప్పింది. తను గీసుకున్న కొలతల కాగితాలన్నీ అందులో సర్దితే, రేపు మామ పోతూ పోతూ బజారు టైలరుకి ఇచ్చేస్తాడట.

ఆ కాగితాలు పన్నెండేళ్లవి. గోడకి మేకుల మీద కట్టలు కట్టలుగా వేలాడతాయి. నా చిన్నప్పటి గౌను కాగితం కూడా వాటిలో ఉంది. మామ నేల చూపులు చూశాడు. నాన్న మెషీను మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

నేను వసారాలోకి వెళ్లి స్టూలు ఎక్కి పెట్టె దించాను. అది తీస్తుంటే గోడకి తగిలించిన తాత రంపం మోచేతికి తగిలింది. ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగే పెద్ద రంపం అది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ పొద్దున్నంతా పళ్లు లెక్కపెట్టిన కళ్లు కదా, ఊరికే ఉండలేక దాన్ని కూడా లెక్కపెట్టాయి. వరసగా నాలుగు పళ్లు, తర్వాత లోతుగా ఒక ఖాళీ. మళ్లీ నాలుగు పళ్లు, మళ్లీ ఖాళీ. ఈ కొస నుంచి ఆ కొస దాకా అంతే. పెట్టెని కింద పడేసి, ఆ ఖాళీలో వేలు పెట్టి చూశాను. నా వేలు అందులో పూర్తిగా పట్టింది.

కోత సందులోంచి తీసిన వేడి పిండి గుర్తొచ్చింది. దానికి ఉండటానికి చోటు లేదు. అందుకే అక్కడే నలిగి మాడింది.

ఇది వెళ్లి చెప్పాలి. మామ ఎదురుగా, నాన్న ఎదురుగా, చెవిలో మెషీను ఆపుకుని కూర్చున్న తాతకి చెప్పాలి. బళ్లో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తని దాన్ని. స్టూలు మీదే కాసేపు నిలబడ్డాను. అప్పుడు లోపల్నుంచి అమ్మ మేకుల మీద కాగితాలు తీస్తున్న చప్పుడు వినిపించింది. దిగి, రంపాన్ని రెండు చేతులతో మోసుకెళ్లి పెరట్లో కూర్చున్న తాత ఒళ్లో పెట్టాను. పెట్టె కూడా కాలితో తోసుకుంటూ వెళ్లాను, ఎందుకో నాకే తెలియదు. తాత ఉలిక్కిపడి చెవిలో మెషీను ఆన్ చేసుకున్నాడు. చెప్పడం నావల్ల కాదు కాబట్టి అడిగాను.

"తాతా, ఇక్కడ పళ్లు ఎందుకు లేవు?"

"లేకపోవడమేంటే పిచ్చిదానా? అది పొట్టు దిగే చోటు. అది లేకపోతే పొట్టు కోతలోనే ఇరుక్కుని రంపం అంగుళం కూడా కదలదు. దుంగ ఎంత లావైతే అంత..."

అక్కడ ఆగిపోయాడు. వేలు ఆ ఖాళీలోనే ఉండిపోయింది. మామ నోరు తెరిచాడు. నాన్న ఆయన కాలు తొక్కాడు.

తాత చెయ్యి చాపాడు. కోతలోంచి తీసిన పొట్టు ఆయన అరచేతిలో పోశాను. వేళ్లతో నలిపి, వాసన చూసి, కింద పారబోశాడు. ఈ బారు వెంట పొట్టు బయటపడాలంటే రెండడుగులు నడవాలి, మనం దానికి నిలబడే చోటు కూడా ఇవ్వలేదు అన్నాడు. తర్వాత, ఈసారి నెమ్మదిగా, కొట్టాయన ఏం చెప్పాడురా అని నాన్నని అడిగాడు.

అలా అడిగేసరికి నాన్నకి అన్నీ గుర్తొచ్చాయి. కొట్టాయన మూడు ప్రశ్నలు వేశాడట. బారు ఎంత పొడుగు, కోత నిలువా అడ్డమా, చెక్క పచ్చిదా ఎండుదా. బారు పొడుగైతే పళ్లు దూరం దూరంగా ఉండాలి. పొట్టు ఆ సందుల్లో ఎక్కి బయటికి పోతుంది, ఒకేసారి చెక్కని కొరికే పళ్లు తక్కువ కాబట్టి మెషీనుకీ బరువు తగ్గుతుంది. చెక్క ఎండి గట్టిపడింది, బెరడులో మట్టి కూడా ఉంది కాబట్టి పన్ను మూల గుండ్రంగా ఉండాలి. మూల పదునుగా ఉన్నది పచ్చి చెక్కలో వేగంగా పోతుంది గానీ ఇసుక రేణువు తగిలితే మొద్దుబారిపోతుంది. ఇక కోత నిలువు కాబట్టి పన్ను అంచు ఏటవాలు తగ్గించాలి. కంపెనీ నుంచి ముప్పై డిగ్రీల వాలుతో వస్తుంది, దాన్ని ఇంటి దగ్గర ఆకురాయితో పది డిగ్రీలకి తెచ్చుకోవాలి.

"ఇదంతా పొద్దున్నే చెప్పొచ్చు కదా బావా," అన్నాడు మామ.

"ఎవరు చెప్పనిచ్చారు?" అన్నాడు నాన్న.

తాత వినపడనట్టు ఆకురాయి వెతుక్కున్నాడు. ఈసారి చెవిలో మెషీను నడుస్తూనే ఉంది.

కొత్త గొలుసుని బారుకి ఎక్కించి బిగించారు. ఆకురాయి పట్టడంలో తాత చెయ్యికి సాటి లేదు, కానీ కన్ను లేదు. నా కన్ను బాగుంది గానీ చెయ్యి తిరగలేదు. అందుకని ఇద్దరినీ కలిపి ఒక పనివాణ్ణి చేశారు. నా జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తెచ్చాను. పది డిగ్రీలు గీసి కత్తిరించడానికి గట్టి అట్ట కావాలి. చుట్టూ చూస్తే ఉన్నది ఒక్కటే. పెట్టె పక్క అట్టలోంచి ముక్క కోసేశాను.

లోపల్నుంచి అమ్మ పెట్టె ఏదే అని పిలిచింది. వెతుకుతున్నానమ్మా అన్నాను. మామ నా వంక చూసి, అరుదుగా నోట్లోంచి ముత్యం రాలితే అది కూడా అబద్ధమేనా అని నవ్వాడు.

అట్టముక్క పన్ను మీద ఆనించి నేను వాలు చూపిస్తే, ఆ వాలు వెంటే తాత ఆకురాయి తోశాడు. ఒక్కో పన్నుకి ఎనిమిది తోపులు. ఎడమ పళ్లకి ఎన్నో కుడి పళ్లకీ అన్నే. ఒక పక్క పళ్లు అరిగి పొట్టివైతే కోత ఒక పక్కకి ఒరిగిపోతుందట, అందుకని నన్ను పైకి లెక్కపెట్టమన్నాడు. ఎనిమిదీ ఎనిమిదీ అని నేను లెక్కపెడుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇరవయ్యో పన్ను దగ్గర తాత నడుం పట్టుకుని, పళ్లు తక్కువైతే తోమడం ఎంత హాయో నాకు ముందే తెలియాలి, నా నోట్లో చూసుకున్నా తెలిసేది అన్నాడు. ముప్పై ఎనిమిదోది అయ్యేసరికి భోజనాల వేళ దాటింది. ఎవరూ ఆకలి అనలేదు.

మళ్లీ మెషీను మొదలైంది. ఈసారి చప్పుడు వేరుగా ఉంది. ఏడుపు లేదు, అడుగునుంచి వచ్చే ఒకే రకం మోత. నాన్న ఒక కొస, మామ ఒక కొస పట్టుకుని, మోకాళ్లతో నెడుతున్నట్టు నెమ్మదిగా జరిపారు. గొలుసు వెనక నుంచి పొట్టు పోగులు పోగులుగా ఎగిరి నా కాళ్ల మీద పడింది. చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది. తాతకి ఇచ్చాను. ఆయన ఆ పోగుల్ని వేళ్ల మధ్య సాగదీసి చూసి, నాన్న చూడకుండా జేబులో వేసుకున్నాడు.

సగం దూరం పోయాక ఆపి, కోత మూసుకుపోకుండా సందులో సన్నటి చెక్కముక్కలు దోపారు. అప్పుడే అమ్మ పెట్టె కోసం తనే బయటికి వచ్చింది. పెట్టె కనపడింది. దాని పక్కకి పెద్ద చిల్లు కూడా కనపడింది. ఆమె దాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, గోడకి ఆనుకుని నిలబడింది. మిగిలిన సగం కోస్తున్నంతసేపూ అలాగే నిలబడింది. చేతిలో టేపు కొసని వేలికి చుడుతూ, విప్పుతూ.

పలకని లేపి నిలబెట్టారు. తాత రెండు అరచేతులతో పై నుంచి కింది దాకా నిమిరాడు. అమ్మ వచ్చి టేపు పెట్టింది. ఈ మూల రెండు అంగుళాలు. ఆ మూల రెండు. కింద రెండు. నడుమ రెండు. ఆఖరి మూల దగ్గర టేపుకి కళ్లు దగ్గరగా పెట్టి చూసింది.

"రెండు మీద ఒక నూలు." నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

"ఆ నూలు నా లెక్కలో రాసుకో," అన్నాడు తాత. "పిల్ల సరిగ్గానే చెప్పింది. నేనే ఎక్కడో ఒక తోపు ఎక్కువ తోసి ఉంటాను."

అమ్మ నవ్వింది. మూడు వారాల్లో అది మొదటి నవ్వు అని నేను అనను, మధ్యలో కూడా నవ్వి ఉంటుంది. కానీ నాన్న మాత్రం అది మొదటిదన్నట్టే చూశాడు.

పలక గదిలోకి ఒక పట్టాన పోలేదు. అడ్డంగా పట్టుకుంటే గుమ్మం సరిపోలేదు, నిలువుగా పట్టుకుంటే దీపం అడ్డొచ్చింది. చివరికి పక్కకి వాల్చి, కుట్టుమిషనుని వరండాలోకి తెచ్చేసి, ఎవరి వేళ్లూ నలగకుండా లోపలికి చేర్చారు. మామ వెల్డింగు చేసి తెచ్చిన రెండు ఇనుప స్టాండ్ల మీద ఎక్కించారు. ఎత్తు అమ్మ నడుము దాకా వచ్చింది. నాలుగు రోజులు ఆగాలని, చిత్రిక పట్టాలని, నూనె రాయాలని, అప్పుడే బల్ల అనాలని తాత చెప్పాడు. అమ్మ అన్నిటికీ అలాగే మామయ్యా, అలాగే అని తలూపింది. తలూపుతూనే మంచం మీద దుప్పటి తీసి పలక మీద పరిచింది. దాని మీద ఒక నీలం రంగు బట్ట పరిచింది. అంచులు సరిచేసింది. బట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క మడత లేకుండా పరుచుకుంది.

అందరూ బయటికి వెళ్లి టీ తాగమంది. మగవాళ్లు వెళ్లారు. మామ పోతూ, కొలతల కాగితాల సంగతేంటక్కా అని అడిగితే, ఏ కాగితాలు అంది.

నేను తలుపు పక్కన ఉండిపోయాను. అమ్మ నిలువుగా నిలబడి కత్తిరించడం నేను పుట్టాక చూడలేదు. సుద్ద తీసుకుంది. ఒకే చేతి విసురుతో పొడుగాటి గీత గీసింది, అది ఎక్కడా గంతేయలేదు. కత్తెర తీసుకుని, బట్ట మీద ఆనించి, మళ్లీ ఎత్తింది. బట్ట వంకే చూస్తూ, నేను అక్కడున్నానని తెలిసే, అంది:

"నువ్వు కూడా."

"చూస్తానమ్మా. మాట్లాడను."

"నువ్వు మాట్లాడవని తెలుసు. నిలబడి కత్తిరించడం ఇదే మొదలు. చెయ్యి వంకర పోతే నేనొక్కదాన్నే చూడాలి."

గుమ్మం దాకా వచ్చి, నా జుట్టులో ఇరుక్కున్న పొట్టు పోగు ఒకటి తీసి నా చేతిలో పెట్టి, తలుపు వేసేసింది.